దుమ్ము లెక్క

ఫిబ్రవరి 3, సోమవారం

ఇరవై మూడు గ్రాములు.

బండి వెనక భాగంలో మీటరు చదరం తెల్లగుడ్డ పరిచి పంపాను. సాయంత్రం దాన్ని కాగితం మీద దులిపి, బడి ప్రయోగశాల నుంచి నాతో వచ్చిన త్రాసులో తూచాను. పోను రాను నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. అందులో ఎనభై రెండు మట్టిరోడ్డు.

కొత్త పుస్తకం మొదటి పేజీలో సంగతేమిటో రాయడం నా అలవాటు. అల్లుడికి సొంత బండి ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఎత్తు బండి. సోమ, బుధ, శుక్రవారాల్లో కంటి ఆసుపత్రి వారి యంత్రాన్ని రాళ్ల క్వారీల దగ్గరున్న క్లినిక్కుకు తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ ఆసుపత్రికి చేరుస్తాడు. కళ్లద్దాల పవరు చెప్పే యంత్రం అది. కిందటి వారం దాని అద్దంలోకి దుమ్ము పోయి పదకొండు మందికి తప్పు పవరు చెప్పింది. పెద్ద డాక్టరమ్మ ఒక నెల గడువిచ్చింది. ఈ నెలలో ఇంకోసారి దుమ్ము కనబడితే ఆ పని వేరే బండికి పోతుంది.

ఇదంతా అల్లుడు నాకు చెప్పలేదు. తన కూతురికి చెప్పాడు, అది నాకు చెప్పింది. ఈ ఇంట్లో మాటలు నడిచే దారి అదే. మా అమ్మాయి ఉన్నప్పుడు అమ్మాయి ద్వారా నడిచేవి. ఇప్పుడు మనవరాలి ద్వారా నడుస్తున్నాయి.

"ఈ పని పోతే నాన్నకి ఈ వయసులో ఇంకెవరిస్తారు అమ్మమ్మా?"

"పోతుందని ఎవరన్నారు? దుమ్ము ఫిజిక్సే కదే, చేతబడి కాదుగా."

గ్రాములు, బయలుదేరిన టైము, చేరిన టైము వేరే నోటుబుక్కులో రాస్తాను. మిగతావి ఇందులో.

ఫిబ్రవరి 4

బండి పరీక్ష. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగాలి. బిగుసుకుంటే అక్కడ రబ్బరు బాగున్నట్టు. జారి వచ్చేస్తే అదే దుమ్ముకు దారి. ముప్పై నాలుగు చోట్ల పెట్టాను. పంతొమ్మిది చోట్ల జారి వచ్చింది. అన్నిటికంటే అధ్వానం వెనక తలుపు. బండి ముందుకు దూసుకుపోతుంటే దాని వెనక గాలి పలచబడుతుంది. లేచిన దుమ్మంతా ఆ ఖాళీలోకే వచ్చి సుడి తిరుగుతుంది, సందు దొరికితే లోపలికి వస్తుంది. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

అల్లుడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మూల తలుపు కాస్త పైకెత్తమని మీ నాన్నకు చెప్పవే."

"నాన్న నీ పక్కనే ఉన్నాడు అమ్మమ్మా. చెవులు కూడా ఉన్నాయి."

అల్లుడు తలుపు ఎత్తాడు. నవ్వాడేమో, టార్చి వెలుతురు కదిలింది.

ఫిబ్రవరి 5

పదిహేడు. కిటికీలన్నీ మూసే నడిపాడట. తొమ్మిది కిలోమీటర్లు ఒక బస్సు వెనక వెళ్లాడట. బస్సు కనబడితే ఆగి, దుమ్ము అణిగాక బయలుదేరమని చెప్పించాను.

ఫిబ్రవరి 7

పదహారు. చాలదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండు రోజుల పని. వెనక తలుపు రబ్బరు మొత్తం పీకించి కొత్తది అంటించాను. పక్క తలుపులకు లోపలి వైపు స్పాంజి పట్టీలు. వెనక రెండు మూలల్లో గాలి బయటికి పోయే రెక్కలు రెండుంటే వాటిని మూశాను. ముందు అద్దం కింద ఫ్యాను గాలి పీల్చే జాలీ ఉంది. దానికి గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్కు, చుట్టూ టేపు.

ఈ జాలీ విషయంలో రెండో పద్ధతి ఉందని నాకు తెలుసు. జాలీ తెరిచి ఫ్యాను గట్టిగా వేస్తే లోపల గాలి నిండి, సందుల్లోంచి బయటికి తోస్తుంది, దుమ్ము రాదు. ఆలోచించాను. ఫ్యాను గాలితో పాటు దుమ్మునూ తెస్తుంది కదా అని వదిలేశాను.

అల్లుడు ఒక్కసారి నోరు విప్పాడు. "అత్తయ్యగారూ, అది మూస్తే గాలి..."

"గాలితో పాటే దుమ్మూ వస్తుంది బాబూ."

"సరేనండీ. మీ ఇష్టం."

"మరి నాన్న ఊపిరి పీల్చుకోవద్దా?" అంది మనవరాలు.

"మీ నాన్నేం నీళ్ల అడుగున వెళ్లడం లేదు. దిగినప్పుడల్లా తలుపు తీస్తాడుగా."

పని అయ్యాక లోపల కూర్చుని తలుపు వేసి చూశాను. చెవుల్లో గాలి నొక్కినట్టయింది. అంటే సందు లేదు. ఈ మధ్య ఏ పనీ ఇలా పూర్తిగా అయినట్టు అనిపించలేదు.

ఫిబ్రవరి 10

నాలుగు గ్రాములు!

త్రాసు మీద అనుమానమొచ్చి రెండుసార్లు తూచాను. నాలుగే.

అల్లుడికి తలనొప్పిట. మాత్ర అడిగి రమ్మని కూతుర్ని పంపాడు. ఇచ్చాను. పట్టీలో ఇంకా ఏడున్నాయి.

ఫిబ్రవరి 12

మూడున్నర. క్లినిక్కు వాచ్‌మన్ రాసిచ్చే కార్డు మీద చేరిన టైము చూశాను. ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యం. వచ్చాక సగం అన్నం వదిలేసి పడుకున్నాడు. వండినదాంట్లో లోపమేమీ లేదు. మనవరాలు రెండుసార్లు వడ్డించుకుంది.

యంత్రం అద్దం తళతళలాడుతోందని ఆసుపత్రి వాళ్లు మెచ్చుకున్నారట.

ఫిబ్రవరి 14

మూడు. నలభై నిమిషాలు ఆలస్యం. మాత్రలు రెండు.

దారిలో ఎక్కడాగాడో కనుక్కోమన్నాను. "ఊరికే ఆగాను" అన్నాడట. ఊరికే నలభై నిమిషాలు ఎవరూ ఆగరు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్నా ఇవాళా సెలవు. అల్లుడికి తలనొప్పి లేదు. మేడ మీది నీళ్ల ట్యాంకు కడిగాడు. కడుగుతూ ఈల వేశాడు. మధ్యాహ్నం శుభ్రంగా తిన్నాడు.

సెలవు రోజు రాని తలనొప్పి తలనొప్పి కాదు. బడిలో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. సోమవారం కడుపునొప్పి, ఆదివారం ఆటస్థలం.

ఫిబ్రవరి 17

రెండున్నర. నలభై నిమిషాలు.

ఉతకడానికి వేసేముందు జేబులు చూడటం నా అలవాటు. చొక్కా జేబులో మందుల షాపు కవరు దొరికింది. మట్టిరోడ్డు మొదలయ్యే చోట చిన్న ఊరొకటి ఉంది. ఆ ఊరి షాపు. లోపల మన ఇంట్లో ఉన్న మాత్రలే. ఇంట్లో ఉండగా బయట కొనడం దేనికి?

ఫిబ్రవరి 18

పొద్దున మనవరాలికి చెప్పాను. అది బడికి వెళ్లే తొందరలో జడ వేసుకుంటోంది. (చిన్నపిల్లలకు చెప్పే టీచరు. జడ మాత్రం ఇంకా వంకరే.)

"మీ నాన్న దారిలో ఎవరింటికో వెళ్తున్నాడు."

"ఎవరింటికి?"

"అది తెలిస్తే ఎవరింటికో అని ఎందుకంటాను?"

దానికి నవ్వాగలేదు. "డిటెక్టివ్ అమ్మమ్మా! వెళ్తే వెళ్లనీ. అమ్మ పోయి మూడేళ్లయింది."

"నేను వద్దన్నానా?"

"అనలేదు. కానీ కవరు దాచిపెట్టావ్."

దాచిపెట్టలేదు. డ్రాయరులో పెట్టాను. రెండూ ఒకటి కావు.

నాకేమీ అభ్యంతరం లేదు. ఇంకో ఆవిడ వస్తే వస్తుంది. మా పెద్దక్క ఇంట్లో మేడగది ఖాళీగానే ఉంది. ఈ ఇంట్లో నేను ఉన్నది పిల్ల చదువు అయ్యేదాకా అనుకుని. చదువు అయి ఏడాది దాటింది.

ఫిబ్రవరి 19

ఇవాళ బండి తీయలేదు. యంత్రానికి ఆసుపత్రిలో ఏదో సర్వీసింగు. క్లినిక్కు కాగితాలు తేవడానికి అల్లుడు బస్సులో వెళ్లి వచ్చాడు. టైముకు చేరాడు, టైముకు వచ్చాడు. తలనొప్పి లేదు. మూడుసార్లు వడ్డించుకున్నాడు.

బస్సులో వెళ్తే మధ్యలో ఎవరింటికీ దిగడం కుదరదు మరి.

ఫిబ్రవరి 21

రెండు గ్రాములు. గంటా పది నిమిషాలు ఆలస్యం.

పొద్దున వెళ్లేటప్పుడు నీలం చొక్కాకు మూడో గుండీ లేదు. నేను చూశాను. కుట్టిస్తానని చెప్పే లోపే వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి గుండీ ఉంది. ఆకుపచ్చ దారంతో కుట్టారు. మన కుట్టుపెట్టెలో తెలుపు, నలుపు, బూడిదరంగు, రెండు రకాల ఎరుపు ఉన్నాయి. ఆకుపచ్చ లేదు.

కుట్టు బాగుంది. ముడి లోపలి వైపు వేశారు.

నాకేమీ అభ్యంతరం లేదు.

ఫిబ్రవరి 24

ఒకటిన్నర!

ఇరవై మూడు నుంచి ఒకటిన్నరకు. గ్రాఫు కాగితం మీద గీత గీసి మనవరాలికి చూపించాను. "నోబెల్ వాళ్లకి పంపుదామా?" అంది. దానికి వెటకారం వాళ్లమ్మ నుంచి వచ్చింది. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. యంత్రంలో రేణువు కూడా లేదు. పని పోదు. నోటుబుక్కు చివర అంకెల కింద రెండు గీతలు గీశాను.

నలభై అయిదు నిమిషాలు ఆలస్యం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వస్తూ గుమ్మానికి భుజం తగిలించుకున్నాడు. చూసుకుని నడవాలి.

ఫిబ్రవరి 26

బండి రోడ్డు పక్క కాలవలోకి దిగింది. మనిషి క్షేమం. యంత్రం క్షేమం.

తూచలేదు.

ఫిబ్రవరి 27

జరిగింది జరిగినట్టు.

నిన్న పొద్దున ఎనిమిదిన్నరకు, మట్టిరోడ్డు మీద, క్లినిక్కు ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లుండగా, బండి ముందు చక్రం కాలవలోకి దిగి ఆగి ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. అల్లుడు స్టీరింగు మీద తల పెట్టి ఉన్నాడు. ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు దిగి అద్దం మీద కొట్టాడు. లేవలేదు. తలుపు లాగాడు. ఒక్క లాగుకు రాలేదట. (స్పాంజి పట్టీలు.) రెండు చేతులా లాగి, మనిషిని కిందికి దించి, రోడ్డు మీద పడుకోబెట్టాడు. కాసేపటికి వాంతి చేసుకుని లేచి కూర్చున్నాడు.

బస్సు డ్రైవరు మంచివాడు. కానీ ఆసుపత్రికి ఫోను చేసి చెప్పిన మాట ఇది: "పొద్దున్నే తాగి పడిపోయాడండీ మీ డ్రైవరు."

అల్లుడు తాగడు. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. ఆసుపత్రి వాళ్లు అడిగితే ఏం చెప్పాడో తెలుసా? "నిద్రపట్టిందండీ, తప్పు నాదే" అన్నాడు. అంతే. పని ఆపేశారు. మంగళవారం పెద్ద డాక్టరమ్మ ముందు విచారణ. అది అయ్యేదాకా యంత్రం వేరే బండిలో వెళ్తుంది.

దుమ్ము వల్ల పోతుందేమోనని భయపడిన పని నిద్ర వల్ల పోయేలా ఉంది. రాత్రిళ్లు ఫోను చూస్తూ కూర్చుంటాడేమో. లేకపోతే ఆ ఊళ్లో ఆవిడెవరో...

ఇక్కడ ఆపాను. రాసినదాన్ని కొట్టేయను.

ఫిబ్రవరి 28

బండిని మెకానిక్ షెడ్డుకు లాక్కొచ్చారు. అల్లుడు మంచం దిగలేదు. నేనే వెళ్లాను. ఈ మెకానిక్ మా అమ్మాయి పెళ్లినాటి నుంచి మా బండ్లు చూస్తున్నాడు. మనవరాలు అతన్ని సైలెన్సరు మామయ్య అంటుంది, నోరు ఒక్క క్షణం ఊరుకోదు గనక.

"ఎవరండీ అమ్మగారూ, బండిని ఇట్టా ప్యాకింగు చేసింది? పార్సిల్లో పంపిస్తున్నారా ఏంటి?"

"నేనే."

"ఆఁ... పనితనం మాత్రం ఫస్టుక్లాసండీ." గొంతు సవరించుకుని బండి కిందికి దూరాడు. కింద నుంచి కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. స్ప్రింగులు బాగున్నాయన్నాడు, కాలవ రాయి ఒక్కటే గీరిందన్నాడు. ఉన్నట్టుండి మాట ఆగింది.

"అమ్మగారూ. ఒకసారి వంగి చూడగలరా?"

వంగాను. ఇంజను పొగ వెళ్లే గొట్టం అతుకు దగ్గర వేలెడు పొడవున చీలింది. చుట్టూ నల్లటి మసి. దానికి సరిగ్గా పైన, బండి నేలకు చిన్న రంధ్రం. బొటనవేలు పట్టేంత. దానికి ఉండాల్సిన రబ్బరు బిరడా ఎప్పుడో ఊడిపోయింది. పైనుంచి చాప కప్పి ఉంటుంది కాబట్టి కనబడదు.

"పొగ ఇక్కడ కొడుతోంది, ఇట్నుంచి లోపలికి పోతోంది. గొట్టం చీలి చాన్నాళ్లయి ఉంటుందండీ. ఇదివరకు బండంతా సందులే గనక ఎటో అటు పోయేది. ఇప్పుడు మీరు అన్నీ బిగించారు. బయటి నుంచి గాలి వచ్చేది ఇదొక్కటే దారి. లోపలున్న మనిషి ఏం చేస్తాడండీ, అదే పీల్చాడు." చీలిక మీద వేలు పెట్టి చూపించాడు. "దేవుడి దయ. ఆ బస్సు ఇంకో పావుగంట లేటయితే..."

"చాలు. ఆ గొట్టం తీసెయ్. ఇప్పుడే కొత్తది వెయ్యి. అది నా కంటపడకూడదు."

తీసేశాడు. మధ్యాహ్నం పాత ఇనుము బండి వస్తే అందులో పడేశాడు.

ముప్పై నాలుగు చోట్ల కాగితం పెట్టి చూశాను. నేలను చూడలేదు. దుమ్ము వచ్చే దారులే వెతికాను.

మార్చి 1

కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ప్రాణాంతకం. లక్షణాలు: తలనొప్పి, మగత, వికారం, తూలడం. బయటి గాలిలోకి వస్తే తగ్గుతాయి.

ముప్పై ఒక్క సంవత్సరాలు తొమ్మిదో తరగతికి చెప్పాను. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న.

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. లక్షణాలన్నీ వరుసగా ఉన్నాయి. నా చేతిరాతే.

అల్లుడి గదికి వెళ్లాను. మనవరాలిని తోడు తీసుకెళ్లలేదు. మంచం పక్క కుర్చీలో కూర్చుంటే లేచి నిలబడబోయాడు.

"కూర్చోండి. బండిలో మీకు పొగ పట్టింది. నేను అన్నీ మూయడం వల్ల. నిద్ర కాదు అది."

"తలుపు తీసి కిందికి దిగితే కాస్త తేలిగ్గా ఉండేదండీ" అన్నాడు.

"తెలుసా మీకు?"

"పొగని తెలీదు. వాసన వస్తే కొత్త జిగురు వాసన అనుకున్నా. లోపల ఉంటే పడదు, బయటికొస్తే బాగుంటుంది, అంతవరకే తెలుసు."

"అంతవరకు తెలిసిన మనిషి నాకు ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పనండీ? మీరు మోకాళ్ల మీద కూర్చుని రెండు రోజులు చేశారు."

లేచి వచ్చేశాను. పాలు కాచి పంపాను.

మార్చి 4, మంగళవారం

విచారణ. అల్లుడు, నేను, మెకానిక్ వెళ్లాం. పెద్ద డాక్టరమ్మ నాకంటే పాతికేళ్లు చిన్నది. ముక్కు మీది కళ్లజోడు పైనుంచి చూస్తుంది. మంచి డాక్టరు.

అల్లుడు మళ్లీ అదే పాట. "నిద్రపట్టిందండీ."

"ఈయన చెప్పరు, నేను చెప్తాను" అని మొత్తం చెప్పాను. జాలీ మూసింది నేను, రెక్కలు మూసింది నేను, నేల చూడనిది నేను.

ఆవిడ శ్రద్ధగా విన్నది. "మీరు అబద్ధం చెప్తారనుకోను టీచరుగారూ. కానీ ఇటు చూస్తే అల్లుడి కోసం అత్తగారు చెప్పే మాట, అటు చూస్తే మీ మెకానిక్ చెప్పే మాట. మీ అల్లుడు తాగాడని బస్సు డ్రైవరు రాసిచ్చాడు. రక్తపరీక్ష ఎవరూ చేయలేదు. రేపు నన్ను ఎవరైనా అడిగితే ఫైల్లో ఏం చూపించను? ఆ పాత గొట్టం ఉందా?"

మెకానిక్ నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి నోరు మెదపలేదు.

దుమ్ము నోటుబుక్కు ఇచ్చాను. పేజీలు తిప్పింది. "గ్రాములున్నాయి, టైములున్నాయి. తలనొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ రోజు ఉంది, ఏ రోజు లేదు, అది ఎక్కడుంది?"

"అది వేరే పుస్తకంలో ఉంది."

ఆలోచించకుండా అనేశాను. అల్లుడు తల తిప్పి నన్ను చూశాడు.

"అప్పటికప్పుడు రాసిందేనా? తేదీలతో?"

"తేదీలు లేకుండా నేనేదీ రాయను."

"అయితే అది తెచ్చివ్వండి. ఆ తేదీలు సరిపోతే ఇంకేమీ అక్కర్లేదు. లేకపోతే నేను పని వేరేవాళ్లకు ఇవ్వక తప్పదు."

మార్చి 5

ఆరోగ్యానికి సంబంధించినవి మాత్రం వేరే కాగితం మీద ఎత్తి రాద్దామనుకున్నాను. పదో తేదీ ఒక మాత్ర. సరే. పన్నెండు, సగం అన్నం. సరే. పదహారు దగ్గరికి వచ్చేసరికి ఈల వదిలేశాను. పంతొమ్మిదిలో బస్సు ఉంచి, దాని కింద వాక్యం వదిలేశాను. ఇరవై ఒకటి మొత్తం వదిలేశాను. తిరిగి చదువుకుంటే అది నేను రాసినట్టు లేదు. ఎవరో మంచావిడ రాసినట్టుంది.

ఒకసారి ప్రయోగంలో నచ్చని అంకె కొట్టేసిన పిల్లకు సున్నా వేశాను. ఏడ్చింది. మార్చలేదు.

మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. "అందులో నాన్న గురించి ఏం రాశావ్ అమ్మమ్మా?"

"ఉన్నది రాశాను."

"ఉన్నదా, అనుకున్నదా?"

"రెండూ."

"నాన్న చదువుతాడేమో."

"చదివితే చదువుతాడు."

"నీ గురించి ఏమనుకుంటాడో అని లేదా?"

"ఉంది" అన్నాను. దానికి నేను ఎప్పుడూ అలా చెప్పి ఉండను. బొటనవేలితో నా చేతి మీద ఊరికే నిమిరింది, చిన్నపిల్లలను నిమిరినట్టు.

ఎత్తి రాసిన కాగితం చింపేశాను. పుస్తకమే ఇస్తాను. తిరిగి వచ్చేదాకా రాత ఉండదు.

మార్చి 13, గురువారం

పుస్తకం వచ్చింది.

తేదీలు సరిపోయాయి. బండి మూసిన మర్నాడు మొదలైన తలనొప్పి, సెలవుల్లో లేదు, బస్సులో వెళ్లిన రోజు లేదు. పెద్ద డాక్టరమ్మ ఆ చోట్ల ఎర్ర పెన్సిలు గీత పెట్టింది. వేరే వాక్యాల మీద ఏ గీతా లేదు. చదివింది మాత్రం అన్నీ చదివే ఉంటుంది. బస్సు డ్రైవరును కూడా పిలిపించి మాట్లాడిందట. మనిషి దగ్గర వాసనేమీ లేదని అతనే ఒప్పుకున్నాడట.

పని అల్లుడిదే. నిన్నటి నుంచి మళ్లీ వెళ్తున్నాడు. జాలీ తెరిచాం, రెక్కలు తెరిచాం, ఫ్యాను ఎప్పుడూ గట్టిగా ఉండాలి. నేల రంధ్రానికి బిరడా. యంత్రాన్ని మాత్రం రబ్బరు మూత ఉన్న పెట్టెలో పెట్టించాను. దుమ్ము రాకూడనిది యంత్రంలోకి. బండంతా మూయాల్సిన పని మొదటినుంచీ లేదు. నిన్న గుడ్డ మీద తొమ్మిది గ్రాములు. పెట్టెలో సున్నా.

ఇంకో సంగతి. డాక్టరమ్మ పుస్తకాన్ని మంగళవారమే అల్లుడి చేతికిచ్చింది. నాకు ఇవాళ అందింది, కాగితం చుట్టి, బల్ల మీద. రెండు రోజులు అతని దగ్గరుంది.

మార్జిన్లలో పెన్సిలు రాత ఉంది. చిన్న అక్షరాలు, లాగ్‌బుక్కులో రాసినట్టు.

ఫిబ్రవరి 14 పక్కన: "ఊరికే కాదండీ. రాళ్లగుట్ట మలుపులో తలుపులన్నీ తీసి నీడన పడుకున్నాను. ఆ టైములో దుమ్ము వచ్చింది. గుడ్డ దులిపి మళ్లీ పరిచాను. మూడు కాదు, ఎనిమిది ఉండొచ్చు."

17 పక్కన: "ఇంట్లో మాత్రలు లెక్క ఉంటాయని బయట కొన్నాను."

24 పక్కన: "ఒకటిన్నర కాదు. ఎంతో తెలియదు. మీ గ్రాఫు కిందికి దిగాలని రెండుసార్లు దులిపాను. క్షమించండి."

అంటే పద్నాలుగో తేదీ నుంచి అంకెలు ఒక్కటీ పనికిరావు. నోటుబుక్కు తీసి వాటన్నిటి మీద అడ్డగీత పెట్టాను. చివరి రెండు గీతల మీద కూడా.

ఇరవై ఏడు పక్కన, ఆ ఊళ్లో ఆవిడెవరో అని ఆపిన చోట, ఏమీ రాయలేదు.

ఇరవై ఒకటి పక్కన ఇలా ఉంది: "ఈ ఒక్క రోజూ మీరు రాసింది నిజం. నలభై నిమిషాలు పడుకున్నాను, అరగంట ఆవిడ షాపులో కూర్చున్నాను. మందుల షాపు ఆవిడే. గుండీ కుట్టింది ఆవిడే. ఇంతకు మించి ఏమీ లేదు. ఉండాలని నాకుంది. మీకు చెప్పాలని ఇరవై రోజులుగా అనుకుంటున్నాను."

మూడుసార్లు చదివాను. తర్వాత బియ్యం డబ్బా సర్దాను. అది సర్దే ఉంది.

మార్చి 14, శుక్రవారం

పొద్దున ఆరున్నరకు అల్లుడు బండి తీయబోతుంటే గుమ్మంలోకి వెళ్లాను. మనవరాలు ఇంకా లేవలేదు. మధ్యలో ఎవరూ లేరు.

"ఆవిణ్ణి శనివారం భోజనానికి రమ్మనండి. ఎంతమందికి వండాలో నాకు ముందే తెలియాలి."

తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి, నలభై తొమ్మిదేళ్ల మనిషికి.

"శనివారం వద్దండీ."

"ఏం?"

"శనివారం షాపుంటుంది. ఆవిడకి ఆదివారమే సెలవు. ఆదివారం అయితే కుదురుతుంది అత్తయ్యగారూ."

ఇరవై ఆరేళ్లలో అతను నాతో వద్దు అనడం ఇదే మొదటిసారి.

ఆదివారం. నలుగురికి.